గాజు తొట్టిలో సముద్రము

ఈ నెల మన శీర్షికలో కొంచెము వింతయైన విషయము వ్రాయుచున్నాము. అరకు, అనంతగిరి, హుకుంపేట, పాడేరు ప్రాంతములలో మేము ఇండ్లను దర్శించునప్పుడు ఈ మధ్య రెండు మూడు చోట్ల ఒకే కోరిక విన్నాము. విశాఖపట్నము వెళ్లిన పిల్లలు అక్కడ గాజు తొట్టిలో రంగురంగుల సముద్రపు చేపలను చూచి, "మన ఇంట్లో కూడ పెట్టుకొందము" అని పట్టుబట్టుచున్నారు. తండ్రి ఖర్చు ఎంత అని అడుగుచున్నాడు. తల్లి మాత్రము వేరే ప్రశ్న వేయుచున్నది: "అయ్యగారూ, ఆ నీళ్లు ఎవరు మోయవలెను?"

ఆ తల్లి అడిగినదే సరియైన ప్రశ్న. సముద్రపు చేపలను ఇంట పెంచుట పాపము కాదు, గొప్ప కూడ కాదు. అది ఒక పని. ఏ పనికైనను రోజూ చేయు చేతులు కావలెను. గనుక ఈ తొట్టి ఎట్లు పెట్టవలెను, ఎట్లు కాపాడవలెను, మన కొండలలో దానికి వచ్చు చిక్కులేమి, అసలు ఎవరు పెట్టకూడదు అను సంగతులు వరుసగా చూచెదము.

ఇది ఎక్కడ మొదలైనది?

సముద్ర జీవులను ఇంటిలో పెంచు పద్ధతి వయస్సు ఇంకను రెండు వందల ఏండ్లు కాలేదు. 1846లో లండను పట్టణపు ఆనా థిన్ అను ఒక పాదిరిగారి భార్య సముద్ర తీరమునుండి కొన్ని చిన్న పగడపు జీవులను ఇంటికి తెచ్చెను. అప్పుడు కరెంటు లేదు, గాలి పంపు లేదు. నీరు చెడిపోకుండుటకు ఆమె ఇంటి పనిమనిషి తెరచిన కిటికీ యొద్ద నిలిచి, ఆ ఉప్పునీటిని ఒక పాత్రలోనుండి మరియొక పాత్రలోనికి పైనుండి ధారగా పోయుచుండెడిది. రోజుకు అరగంట, ముప్పావు గంట అదే పని. పేరు అమ్మగారికి వచ్చినది, చేతులు నొచ్చినది మాత్రము పనిమనిషికి. మన తల్లి అడిగిన ప్రశ్న ఆనాడే పుట్టినదన్నమాట.

1850లో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు చేప, నీటి మొక్క, నత్త ఈ మూడును ఒకే తొట్టిలో ఒకదానికొకటి సహాయముగా బ్రతుకునని ప్రకటించెను. 1853లో లండను జంతుశాలలో ప్రజలు చూచుటకు చేపల ఇల్లు తెరచిరి. ఆ మరుసటి సంవత్సరము ఫిలిప్ హెన్రీ గాస్ "ది అక్వేరియం" అను పుస్తకము వ్రాసి ఆ పేరును లోకమునకు అలవాటు చేసెను. ఈ గాస్ బ్రదరన్ సహవాసమునకు చెందిన విశ్వాసి, ప్రసంగీకుడు. 1836లో మన దేశమునకు వచ్చి నర్సాపురములో సేవ ప్రారంభించిన బౌడెన్, బీర్ దొరలు కూడ ఆ సహవాసము వారే.

గాస్ ఉద్దేశము మంచిది. సృష్టిని దగ్గరగా చూచినవాడు సృష్టికర్తను స్తుతించునని ఆయన నమ్మెను. కాని పుస్తకము చదివిన జనులు బుట్టలు, ఉలులు పట్టుకొని ఇంగ్లండు తీరమంతట పడిరి. ఏండ్లు గడచుసరికి ఆయన వర్ణించిన రాతి మడుగులు ఖాళీ అయిపోయెను. ఆయన కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో వ్రాసిన "ఫాదర్ అండ్ సన్" అను పుస్తకములో ఈ సంగతి దుఃఖముతో చెప్పి, తండ్రి కూడ దీనికి ఎంతో బాధపడెనని వ్రాసెను. ప్రేమతో చూచుట ఒకటి, ప్రేమించినదంతయు ఇంటికి తెచ్చుకొనుట మరియొకటి. తొట్టి కొనకముందే ఈ తేడా పిల్లలకు చెప్పవలెను.

ఉప్పు వేరు, సముద్రము వేరు

పూర్వము మన కొండ జనులకు సముద్రమనగా సంతలో దొరకు ఉప్పే. మైదానమునుండి ఎద్దుల మీద ఉప్పు వచ్చెడిది, కొండనుండి చింతపండు, పసుపు, అడ్డాకులు దిగెడివి. గనుక "నీళ్లలో ఉప్పు కలిపితే చాలును గదా" అని చాలమంది అనుకొందురు. అది చాలదు.

ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణములు ఉండును. అందులో మనము తిను ఉప్పు నూటికి సుమారు 85 వంతులే. మిగిలినవి మెగ్నీషియము, సల్ఫేటు, కాల్షియము, పొటాషియము మొదలైనవి. నౌపడ ఉప్పు మడులలో నీరు ఎండునప్పుడు ఉప్పు గడ్డకట్టి అడుగున నిలుచును, మెగ్నీషియము లవణములు పైనున్న చేదు నీటిలోనే మిగిలిపోవును. ఆ చేదు నీటిని పారబోయుదురు. అనగా మన ఇంటికి వచ్చు కల్లుప్పులో సముద్రము సగమే వచ్చినది. ఇక పొట్లములో అమ్ము మెత్తని ఉప్పులో అయోడిను, గడ్డకట్టకుండ వేయు మందు కూడ ఉండును. వీటితో చేపలు బ్రతుకవు.

అయితే విశాఖనుండి సముద్రపు నీరు తెచ్చుకొనవచ్చునా? తెచ్చువారున్నారు. కాని 115 కిలోమీటర్ల దూరము, అందులో కొంత ఘాటు దారి. ఓడరేవు దగ్గరి నీటిలో నూనె, మురికి ఉండును. వర్షాకాలము తరువాత నదుల నీరు బంగాళాఖాతములో కలిసి తీరమున ఉప్పుదనము బాగుగా తగ్గును. గనుక కొండమీది ఇంటికి, తొట్టెల కొరకే తయారు చేసిన సముద్రపు లవణ మిశ్రమమును కొని, మంచి నీటిలో కలుపుకొనుట మేలు. ఇది విశాఖలోని చేపల తొట్టెల దుకాణములలో అడిగితే దొరకును.

తొట్టి, నీరు, కరెంటు

మొదటిసారి పెట్టువారు చిన్న తొట్టి చాలునని అనుకొందురు. నిజమునకు చిన్న తొట్టిలోనే నీరు త్వరగా చెడును. 90 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 40 ఎత్తు గల తొట్టి 108 లీటర్లు పట్టును. రాళ్లు, ఇసుక, పై ఖాళీ పోగా 90 లీటర్ల నీరు నిలుచును. ఇంతకంటె తక్కువ వద్దు. దీనికి మూడు కిలోలకు పైగా లవణ మిశ్రమము కావలెను. అన్నియు కలిపి బరువు 130 కిలోలు దాటును గనుక ఊగులాడు బల్లమీద పెట్టకూడదు. నేల సమముగా ఉన్నచోట గట్టి ఇనుప స్టాండుగాని, ఇటుకలతో కట్టిన దిమ్మెగాని కావలెను. తొట్టికింద పలుచని థర్మోకోల్ షీటు వేసిన యెడల గాజు పగులదు. ఎండ నేరుగా తగలుచోట పెట్టిన యెడల పాచి పట్టును.

నీటి సంగతి జాగ్రత్తగా చూడవలెను. మన ఊళ్లలో పంచాయితీవారు బావులలో బ్లీచింగు పొడి వేయుదురు. అది మనకు మేలే, కాని తొట్టిలోని మేలు చేయు సూక్ష్మజీవులను చంపును. అట్టి నీటిని వెడల్పైన ప్లాస్టిక్ టబ్బులో పోసి, గాలి పంపు పెట్టి, కనీసము ఒక రోజంతయు ఉంచవలెను. వర్షపు గెడ్డ నీరు బురదతో ఉండును, పనికిరాదు. రాగి, ఇత్తడి బిందెలలో నిలువ ఉంచిన నీరు తొట్టిలో పోయకూడదు. రాగి కొంచెమైనను రొయ్యలకు, పీతలకు విషము.

నీటిలో లవణము కలిపిన తరువాత హైడ్రోమీటరు అను చిన్న గాజు పరికరముతో కొలువవలెను. ముల్లు 1.023కు 1.025కు మధ్య నిలువవలెను. వేడి 24నుండి 27 డిగ్రీలు ఉండవలెను. ఇక్కడ మనకు ఒక మేలు, ఒక కష్టము ఉన్నవి. వేసవిలో మైదానపు ఇండ్లలో నీరు 30 డిగ్రీలు దాటి చేపలు చచ్చును, నీటిని చల్లబరచు యంత్రము కావలెను. మన లోయలో ఆ బాధ తక్కువ. కాని డిసెంబరు, జనవరి రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగును. గనుక దానంతటదే ఆగిపోవు హీటరు తప్పనిసరి.

గాలి విషయము కూడ చెప్పవలెను. మంచి నీటితో పోల్చిన యెడల ఉప్పునీటిలో ప్రాణవాయువు సుమారు అయిదవ వంతు తక్కువ కరుగును. పైగా అరకు లోయ సముద్రమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది గనుక, ఇక్కడి గాలి ఒత్తిడి పదియవ వంతు తక్కువ. అందుచేత నీటి పైభాగము ఎప్పుడును కదలుచుండవలెను. ఒక ఫిల్టరు, నీటిని అలలుగా త్రిప్పు ఒక పంపు, ఈ రెండును ఉండవలెను.

కరెంటు విషయములో ఏ మాత్రము అజాగ్రత్త వద్దు. ఉప్పునీరు మంచినీటికంటె ఎక్కువగా కరెంటును పారించును. ఎర్తు లేని ఇంట్లో ఈ తొట్టి పెట్టనేకూడదు. మూడు పిన్నుల ప్లగ్గు వాడవలెను. తీగె సాకెట్టుకంటె కిందికి వ్రేలాడి, మరల పైకి ఎక్కునట్లు ఉంచవలెను. అప్పుడు తీగెవెంబడి జారు నీటి చుక్క సాకెట్టులోనికి పోక నేలమీద పడును. తొట్టిలో చేయి పెట్టకముందు అన్ని స్విచ్చులు కట్టి, ప్లగ్గులు పీకవలెను. పిల్లలు ఒంటరిగా చేయి పెట్టకూడదు. ఎర్తు వైరింగు చేయించుటకు డబ్బు చాలని యెడల తొట్టి ఆలోచన మానుకొనుడి, ఆ డబ్బుతో మొదట ఇంటికి ఎర్తు వేయించుడి.

చేపలకంటె ముందు ఓర్పు

పాడేరు దగ్గర హుకుంపేట మండలములో మత్స్యగుండము అను చోటు మీలో చాలమంది ఎరుగుదురు. అక్కడ చేపలను ఎవరును పట్టరు, అవి గుంపులుగా బ్రతుకుచున్నవి. అవి వదలిన మలినమును పారు నీరు మోసికొని పోవును. ఇంటి తొట్టిలో పారు నీరు లేదు. చేప మూత్రము, మిగిలిన మేత అక్కడే కుళ్లి అమ్మోనియా అగును. అది కంటికి కనబడదు, నీరు తేటగానే ఉండును, చేప మాత్రము చచ్చును. దుకాణమునుండి తెచ్చిన చేపలు వారములోపల చచ్చుటకు సాధారణ కారణము ఇదే.

దేవుడు ఈ మలినమునకు ఒక ఏర్పాటు చేసియున్నాడు. ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను తిని నైట్రైటుగా మార్చును, అదియు విషమే. రెండవ జాతి ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. ఇది కొద్దిగా ఉన్నను చేపలు ఓర్చుకొనును. ఈ సూక్ష్మజీవులు రాళ్లమీద, ఇసుకలో, ఫిల్టరు స్పాంజిలో కాపురము పెట్టుటకు నాలుగునుండి ఆరు వారములు పట్టును. నీరు చల్లగా ఉన్న యెడల ఇంకను ఆలస్యమగును.

అంతవరకు తొట్టిలో చేప వేయకూడదు. నీరు, రాళ్లు, హీటరు, పంపు అన్నియు నడిపించుచు, పచ్చి రొయ్య ముక్క ఒకటి గుడ్డలో కట్టి నీటిలో వేయవలెను. అది కుళ్లి అమ్మోనియా పుట్టించును, దానిని తిను జీవులు పెరుగును. పరీక్ష చేయు కిట్టుతో వారమునకు రెండుమార్లు చూచి, తేదీతోకూడ నోటు పుస్తకములో వ్రాయవలెను. మొదట అమ్మోనియా పెరిగి తగ్గును, తరువాత నైట్రైటు పెరిగి తగ్గును. రెండును సున్నాకు వచ్చి, నైట్రేటు కనబడిన దినమున తొట్టి సిద్ధమైనది. ఎనిమిదవ తరగతి చదువు పిల్లకు ఇంతకంటె మంచి సైన్సు పాఠము లేదు. ఖాళీ తొట్టిని ఆరు వారములు చూడలేని ఇంటివారు నిండిన తొట్టిని ఆరు నెలలు చూడలేరు.

రాళ్ల విషయము. మన కొండల రాయికి శాస్త్రజ్ఞులు ఖోంద్ జనుల పేరుమీదనే ఖోండలైటు అని పేరు పెట్టిరి. అయినను కొండనుండి తెచ్చిన ప్రతి రాయి పనికిరాదు. తుప్పు రంగు చారలు, లోహపు మెరుపు ఉన్నవాటిని వేయకూడదు. శుభ్రము చేసిన సున్నపురాయి, రంగు పూయని కుండ పెంకులు చాలును. చేపలు దాగుటకు సందులు ఉండునట్లు, కదలకుండ పేర్చవలెను.

ఏమి పెంచవచ్చును, ఏమి పెంచకూడదు

పగడములు, సముద్రపు గుర్రములు, సముద్ర దోసకాయలు మన దేశపు వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద 2001నుండి పులి, ఏనుగులతో సమానముగా మొదటి షెడ్యూలులో చేర్చబడినవి. వాటిని పట్టుట, అమ్ముట, దగ్గర ఉంచుకొనుట నేరము, జైలు శిక్ష కూడ ఉన్నది. "జీవమున్న రాయి" అని చెప్పి పగడపు దిమ్మెలు అమ్మువారి మాట వినవద్దు. పగడము లేకున్నను తొట్టి అందముగానే ఉండును.

చేపల సంగతి. సముద్రపు చేపలలో ఇంటి తొట్టెలకు వచ్చునవి చాలవరకు సముద్రములోనుండి పట్టినవే. 1960లనుండి ఫిలిప్పీన్సు దీవులలో సయనైడు విషము నీటిలో చిమ్మి, మత్తెక్కిన చేపలను పట్టి అమ్మిరి. ఆ విషమువలన పగడపు దిబ్బలు చచ్చినవి, చేప కూడ కొన్ని వారములలో చచ్చెడిది. గనుక హేచరీలో పుట్టిన చేపనే అడుగవలెను. క్లౌన్ చేప అనబడు నారింజ రంగు, తెల్ల పట్టీల చేపను మన దేశములోని కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు హేచరీలో పుట్టించు పద్ధతి కనుగొనిరి. 2003లో వచ్చిన ఒక బొమ్మల సినిమావలన పిల్లలందరు దీనినే ఎరుగుదురు. ఈ చేపలన్నియు మగవిగానే పెరుగును, గుంపులో పెద్దది ఆడదిగా మారును. మంచి పోషణలో ఇది పది ఏండ్లకు పైగా బ్రతుకగలదు. అనగా నేడు కొన్నవాడు పిల్లవాని కాలేజీ చదువు పూర్తియగువరకు దీనిని సాకవలెను.

ఇంకొక తేలిక దారి ఉన్నది. నల్ల మోలీ అను చౌకయైన చేప మంచినీటిలోను, ఉప్పునీటిలోను బ్రతుకగలదు. తొట్టెలలోనే పిల్లలు పెట్టును. దుకాణము నీటితో ఒక బకెట్టులో ఉంచి, సన్నని గొట్టముతో తొట్టి నీటిని చుక్కచుక్కగా చాల గంటలపాటు కలిపిన యెడల అది ఉప్పునీటికి అలవాటు పడును. నేర్చుకొనువారికి మొదటి సంవత్సరము ఇదే తగినది.

90 లీటర్లకు చిన్న చేపలు రెండు లేక మూడే. ఒకటి వేసి మూడు నాలుగు వారములు ఆగి మరియొకటి వేయవలెను. వేయకముందు ప్రతి చేపను వేరే టబ్బులో మూడు నాలుగు వారములు ఉంచి చూడవలెను. ఒంటిమీద ఉప్పు రవ్వలవంటి తెల్లని చుక్కలు, రాళ్లకు ఒరుసుకొనుట, మొప్పలు వేగముగా కొట్టుకొనుట రోగ లక్షణములు. మందు ఆ వేరే టబ్బులోనే వేయవలెను, పెద్ద తొట్టిలో వేయకూడదు.

రోజు పని, వారపు పని

మేత రోజుకు ఒకసారి లేక రెండుసార్లు, రెండు నిమిషములలో తినగలిగినంత మాత్రమే. అన్నము, రొట్టె వేయకూడదు. ఇంటిలో ఒక్కరే మేత వేయవలెను. తాతగారు ఒకసారి, మనుమడు ఒకసారి, వచ్చిన చుట్టము ఒకసారి వేసిన యెడల తొట్టి చెడును. ఉదయమున వేడి చూడుడి, చేపలను లెక్కించుడి, పంపు నడచుచున్నదో లేదో చూడుడి. లైటు ఎనిమిది, పది గంటలు చాలును.

రోజుకు కొంత నీరు ఆవిరియగును. ఆవిరిలో ఉప్పు పోదు గనుక, తగ్గిన మేర ఉప్పు లేని నీరే పోయవలెను. ఉప్పునీరు పోసినచో ఉప్పుదనము నానాటికి పెరిగిపోవును. రెండు వారములకు ఒకసారి 15 లీటర్ల పాత నీరు తీసి, ఒక రోజు ముందే లవణము కలిపి వేడి సరిచేసిన 15 లీటర్ల క్రొత్త నీరు పోయవలెను. ఫిల్టరు స్పాంజిని పంపు నీటిలో కడుగకూడదు, తీసిన ఆ పాత నీటిలోనే కడుగవలెను. లేనియెడల ఆరు వారములు పెంచిన సూక్ష్మజీవులు ఒక్క నిమిషములో పోవును.

మన ఏజెన్సీకి సంబంధించిన మాట ఒకటి. మలేరియా నివారణకు ఇండ్లలో దోమల మందు పిచికారీ చేయుదురు. అది చేయించుకొనవలసినదే, మనిషి ప్రాణము ముందు. కాని ఆ మందులలో పైరెత్రాయిడు రకము చేపలకు మహా విషము. పిచికారీవారు రాకముందు గాలి పంపు ఆపి, తొట్టిని ప్లాస్టిక్ షీటుతో బాగుగా కప్పి, మందు ఆరి గది గాలి పోసికొనిన తరువాతనే తీయవలెను. దోమల చుట్టలు, స్ప్రేలు తొట్టి ఉన్న గదిలో వాడవద్దు.

ఇక కరెంటు పోవుట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన లోయలో చెట్లు కూలి ఎన్ని దినములు చీకటిలో ఉంటిమో మరువలేదు. సాధారణ దినములలో కూడ ఉరుములు వచ్చిన యెడల కరెంటు పోవును. బ్యాటరీతో నడచు చిన్న గాలి పంపు ఒకటి కొని ఉంచుడి. అది లేనప్పుడు అరగంటకు ఒకసారి మగ్గుతో నీరు తీసి, ఒక జానెడు ఎత్తునుండి అందులోనే ధారగా పోయుడి. 1846లో ఆ పనిమనిషి చేసిన పని ఇదే. చలి రాత్రియైన యెడల తొట్టి చుట్టు దుప్పటి కప్పి, మూత బిగించిన సీసాలో వేడి నీరు పోసి తేలవేయుడి. కరెంటు లేనంతసేపు మేత వేయవద్దు.

పారబోయు నీరు, వదలిపెట్టు చేప

రెండు వారములకు 15 లీటర్లు అనగా అందులో అరకిలోకు పైగా లవణము. సంవత్సరమునకు సుమారు 13 కిలోలు. ఇది పెరటిలో ఒకేచోట పోసిన యెడల ఆ నేల చచ్చును, కాఫీ, మిరియాల మొక్కలు మాడును. గెడ్డలో పోయుదమా? మన గెడ్డ కింది ఊరివారికి త్రాగునీరు. కొండమీద ఉన్నవారు ఏమి పారబోసినను కింది ఇంటి బిందెలోనికి చేరును. ఎండాకాలములో వెడల్పైన ప్లాస్టిక్ పళ్లెములలో పోసి ఎండబెట్టి మిగిలిన లవణమును మూటకట్టి ఉంచవచ్చును. వానాకాలములో బావికి, ఊటకు, చెట్ల వేళ్లకు దూరముగా, చోటు మార్చుచు పోయవలెను. ఇట్టి చోటు లేని ఇంటివారు ఉప్పునీటి తొట్టి పెట్టకూడదు.

విసుగు పుట్టిన దినమున చేపలను చెరువులో వదలుట ఇంకను పెద్ద హాని. తొట్టెలకొరకు దక్షిణ అమెరికానుండి వచ్చిన సక్కర్ చేపను ఇట్లే వదలిరి. మన జాలరులు దానిని దెయ్యపు చేప అందురు. దాని ముళ్లకు వలలు చిరుగును, తినుటకు పనికిరాదు, వేరే చేపల గుడ్లు తినును. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు నీటిలోని డీఎన్‌ఏను పరీక్షించి, తూర్పు కనుమల జలాశయములలో కూడ ఇది వ్యాపించినదని కనుగొనిరి. ఒకని విసుగు వెయ్యిమంది జాలరుల కూటికి అడ్డు వచ్చినది. పెంచలేని చేపను అమ్మిన దుకాణమునకే తిరిగి ఇయ్యుడి, లేక పెంచగలవారికి ఇయ్యుడి.

అయితే పెట్టవలెనా, వద్దా?

ఇప్పుడు తల్లి ప్రశ్నకు వత్తుము. మొదట నింపుటకు 90 లీటర్లు, అనగా ఏడెనిమిది బిందెలు. తరువాత నెలకు నీటి మార్పుకు 30 లీటర్లు, ఆవిరికి మరి కొంత. ఇంటిలో కుళాయి ఉన్నవారికి ఇది లెక్కలోనిది కాదు. ఊటనుండి బిందె నెత్తిన పెట్టుకొని తెచ్చు ఇంటిలో ఇది ఒక స్త్రీ మెడమీద పెట్టు బరువు. తండ్రియు కుమారుడును తామే ఆ నీరు మోసెదమని చెప్పి, నెల దినములు మోసి చూపినయెడల తొట్టి కొనుడి. లేనియెడల వద్దు. ఇంటిలోని మనిషిని అలసజేసి చేపను సుఖపెట్టుట కనికరము కాదు.

కుళాయి, ఎర్తు, ఎండు చోటు, ఓర్పు ఈ నాలుగును లేనివారు చిన్నబుచ్చుకొనవలసిన పని లేదు. 40 లీటర్ల మంచినీటి తొట్టిలో నాలుగైదు గప్పీ చేపలు, నీటి మొక్కలు పెట్టుకొనుడి. ఖర్చు కొద్ది, హీటరు మాత్రము చలికాలమునకు కావలెను. అమ్మోనియా పాఠము అదే, ఆరు వారముల ఓర్పు అదే, పిల్లల కన్నులలోని వెలుగు కూడ అదే. పారబోసిన నీరు పూల మొక్కలకు ఎరువగును. ఒక సంవత్సరము దీనిని చక్కగా సాకిన పిల్లలు అప్పుడు సముద్రమును అడిగిన యెడల కాదనవలసిన పని లేదు.

పెట్టుటకు నిశ్చయించుకొనినవారు ఈ వారము చేయవలసినది ఒకటే. దుకాణమునకు పోకుడి. ఒక నోటు పుస్తకము తీసి, మేత ఎవరు వేయుదురు, నీరు ఎవరు తెత్తురు, నీటి మార్పు ఏ దినమున, ఊరికి పోయినప్పుడు ఎవరు చూచెదరు అని నాలుగు వరుసలు వ్రాసి, ఒక్కొక్క దాని ఎదుట ఒక్కొక్క పేరు వ్రాయుడి. నాలుగు చోట్లను అమ్మ పేరే వచ్చిన యెడల, పుస్తకము మూసి, ఇంటిల్లిపాది మరల కూర్చుండి మాటలాడుకొనుడి.